గుమ్మడికాయల మధ్య కారు

శనివారం దీపాలు పెట్టే వేళకి సంజీవరావు మాస్టారింట్లో కారు మాయమైందనీ, ఆ నేరాన్ని ఆయన ఏకంగా అత్తగారి నెత్తిన రుద్దాడనీ పోయిన వారం చెప్పుకున్నాం. అది చదవని వాళ్ల కోసం, చదివి మరచిపోయిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆ కారు కొట్లో కొన్న బొమ్మ కాదు. పొదిలి మిషన్ హైస్కూల్లో సైన్సు చెప్పే సంజీవరావు, పదేళ్ల కెజియా, ఏడేళ్ల సలోమి కలిసి పది నెలలు కూర్చుని చేసుకున్న కారు. డాల్డా డబ్బా రేకుతో ఒళ్లు చేశారు. అరిగిపోయిన హవాయి చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు చేశారు. పాత టేప్‌రికార్డరు మోటారు తెచ్చి బిగించారు. బజారులో రేడియోలు బాగుచేసే అల్లాబక్షు కారునీ రిమోట్‌నీ జత కలిపే క్రిస్టల్ మద్రాసు నుంచి తెప్పించి పెట్టాడు. "జత కుదిరిన క్రిస్టల్ ఉంటే చాలు మాస్టారూ, రిమోట్ ఎవరి చేతిలో ఉన్నా కారు మాట వింటది" అని కూడా చెప్పాడు. ఎర్రరంగు పూసింది సలోమి. రిమోట్ పట్టి నడిపేది కెజియా. సెల్స్ ఖర్చు మాత్రం తండ్రిది. ఆయన నీరసించిన సెల్స్‌ని ఎండలో పెట్టి, మళ్లీ ప్రాణం పోసి, మూడో జన్మ దాకా వాడుకునే రకం.

వచ్చే గురువారం గుంటూరులో సైన్సు ప్రదర్శన. ఆడపిల్లలకి కార్లేమిటని నవ్విన హెడ్‌మాస్టరు కారు పరుగెత్తడం చూశాక నవ్వు ఆపి, వాళ్ల పేర్లు పంపించాడు. పిల్లలిద్దరూ అప్పటినుంచీ నిద్రలో కూడా గుంటూరు బస్సే ఎక్కుతున్నారు.

అలాంటి కారు ట్రంకుపెట్టెలోంచి మాయమైతే సంజీవరావు అనుమానం ఎవరి మీదకి పోతుంది? సంఘంలో ఆడవాళ్ల మధ్య సువార్త పని చేసే అత్తగారు ఎలీసమ్మ పది నెలలుగా ఒకటే పాట పాడుతోంది. "ఆడపిల్లలకి గరిటె తిప్పడం నేర్పవయ్యా అంటే చక్రం తిప్పడం నేర్పుతున్నావు." అందుకని శనివారం సాయంత్రం సంజీవరావు నోరు జారాడు. మీరే ఎక్కడో పారేసి ఉంటారన్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అత్తగారి ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి. ఎలీసమ్మ అల్లుడి వంక ఒకసారి చూసి, మడత పెడుతున్న తెల్లచీర మడత పూర్తిచేసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ మౌనం చూసి నేరం రుజువైపోయిందనుకున్నాడు మన సైన్సు మాస్టారు.

తెల్లవారితే ఆదివారం, కోత పండుగ. ఇల్లంతా మూతులు ముడుచుకుని చర్చికి బయల్దేరింది. ఎలీసమ్మ గుడ్ల బుట్ట మీద తెల్లగుడ్డ కప్పుకుని అందరికంటే ముందు నడిచింది. ఆమె పక్కనే సలోమి. సంజీవరావు భార్య జయకుమారి పాటల బృందంలో పాడుతుంది కాబట్టి ముందే వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ భర్త వంక చూసిన చూపుకి ఆయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

కెజియా మాత్రం తండ్రి వెనకే నడుస్తూ ఒక ఉపాయం చెప్పింది. కారు ఎక్కడ దాచినా రిమోట్ నొక్కితే మోటారు గుర్రుమంటుంది కదా, నొక్కుతూ చెవి ఒగ్గి వింటే సరి. సంచీలో రిమోట్ పెట్టుకుని వచ్చానని కూడా చెప్పింది. దారిలో కళ్లాల్లో ఎండబోసిన మిరపకాయల పక్కనా, పత్తి బోరాల పక్కనా, చివరికి పాస్టరుగారి ఇంటి అరుగు పక్కన కూడా ఆగి నొక్కింది. ఎక్కడా చప్పుడు లేదు. కూతురి తెలివికి సంజీవరావు లోలోపల పొంగిపోయాడు, పైకి మాత్రం ప్రార్థనలో నొక్కొద్దని చెప్పాడు. సగమే వింది ఆ పిల్ల.

కోత పండుగ నాడు ఆ చర్చి చూడాలి. బలిపీఠం ముందు మెట్ల మీద గుమ్మడికాయలు, జొన్న కంకులు, కందుల మూటలు, విచ్చిన పత్తి కాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఇక మిరపకాయల సంగతి చెప్పక్కర్లేదు. బుట్టలకి బుట్టలు తెచ్చి పెడతారేమో, ఆ ఒక్క ఆదివారం ఆమెన్‌ల కంటే తుమ్ములే ఎక్కువ వినిపిస్తాయి. ఆరాధన అయ్యాక అవన్నీ చర్చి ఆవరణలో వేలం పాట పెడతారు. ఎవరికి కావలసింది వాళ్లు పాడుకుని తీసుకుపోతారు.

దాని పెత్తనమంతా సంఘపెద్ద జక్రయ్యది. మనిషి మంచివాడే గానీ నియమం దగ్గర గీత గీసి నిలబడతాడు. కిందటేడు ఆయన భార్య కొండమ్మ చీకట్లో చూసుకోక గుడ్లు పెట్టే కోడిని పట్టుకొచ్చి అర్పించేసింది. తరవాత లబోదిబోమంది. అర్పించింది దేవుడిది, తిరిగి ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు జక్రయ్య. పాటలో తన కోడిని తనే పాడి, ఊళ్లో వాళ్లు కావాలని పైకి పైకి పాడుతుంటే పళ్లు బిగించుకుని మరీ కొనుక్కున్నాడు. అప్పటినుంచీ ఆ నియమం సంఘంలో రాతి మీద చెక్కినట్టయింది.

ఆడవాళ్ల వైపు చాప అంచున కెజియా కూర్చుంది. నడవకి ఇటుపక్క మగవాళ్ల వైపు అంచున సంజీవరావు. పాస్టరు జయరావు అయ్యగారు కళ్లు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. వానలకి వందనాలు చెప్పారు. పత్తికి పట్టిన పురుగు ఈసారి కాస్త కనికరించినందుకు కూడా వందనాలు చెప్పారు.

అప్పుడు గుమ్మడికాయల మధ్య నుంచి గుర్రుమని చప్పుడైంది.

ఆ మోటారు చప్పుడు సంజీవరావుకి పిల్లల గొంతు ఎంత తెలుసో అంత తెలుసు. పెద్ద గుమ్మడికాయ ఒకటి కదిలింది, దొర్లింది, మెట్టు దిగింది. దాని వెనకాలే ఎర్ర కారు బయటికొచ్చింది. నెత్తిన పత్తి కాయ, ముందు చక్రానికి ఇరుక్కున్న మిరపకాయ. కాళ్లు కట్టేసిన కోళ్లు గగ్గోలు పెట్టాయి. పాటల బృందంలో ఎవరో తుమ్మారు. జయరావు అయ్యగారు ప్రార్థన ఆపకుండానే ఒక కన్ను తెరిచారు.

సంజీవరావు నడవకి అడ్డంగా వంగి, చెయ్యి తియ్యమని కెజియాకి సైగ చేశాడు.

"తీసేశా నాన్నా" అంది కెజియా, రెండు చేతులూ పైకెత్తి చూపించి.

కారు మాత్రం ఇంకో రెండు గజాలు పోయి, అయ్యగారి చెప్పుల ముందు బుద్ధిగా ఆగింది. దొరికిందన్న ఆనందంలో ఆ రెండు గజాల సంగతి సంజీవరావు బుర్రకి ఎక్కలేదు.

ఆమెన్ అన్నాక జక్రయ్య లేచాడు. ఇది ఎవరు పెట్టారని అడిగాడు. చర్చి అంతా మాస్టారి వంక తిరిగింది. సంజీవరావు ఎలీసమ్మ వంక తిరిగాడు. ఇంత పని చేస్తుందనుకోలేదని ఆయన పళ్లు నూరుకుంటూ ఉండగానే చాప మీంచి సలోమి లేచి నిలబడింది.

"నేనే పెట్టాను" అంది.

ఎందుకు పెట్టావమ్మా అని అయ్యగారు మెల్లగా అడిగారు. సలోమి చేతులు కట్టుకుంది. బళ్లో పద్యం అప్పజెప్పేటప్పుడు కట్టుకున్నట్టే.

"మీరే కదా అయ్యగారూ పోయిన వారం చెప్పారు, చేతుల కష్టంలో మొదటిది దేవుడికియ్యాలని. అమ్మమ్మ గుడ్లిస్తానంది. గుడ్లు కోడి పెట్టింది, మనం చేసింది కాదు. మాకు పొలం లేదుగా. మాకు పండింది ఇదే."

చర్చిలో తుమ్ములు కూడా ఆగిపోయాయి. అక్కడున్న వాళ్లలో సగానికి పైగా పొలం లేనివాళ్లే. వేరేవాళ్ల చేలో మిరపకాయలు కోసి, కోసినందుకు ఇచ్చిన కాయల్లోంచి పిడికెడు తెచ్చి అక్కడ పెట్టినవాళ్లే. వెనక వరసలో ప్రేమమ్మ అనే కూలి మనిషి కొంగుతో ముక్కు తుడుచుకుంది. మిరప ఘాటు అనుకున్నారు పక్కవాళ్లు. సంజీవరావు పది నెలలు కారు చేయడం నేర్పాననుకున్నాడే గానీ, ఆ పిల్ల దాన్ని పంటగా చూసుకుంటోందని ఆయనకి తెలియదు.

దేవుడికిచ్చేది పనిచేసే స్థితిలో ఉండాలని కారు మీట కూడా వేసి పెట్టానని సలోమి ఇంకో ముక్క కలిపింది. అప్పుడు చూసింది అక్క వంక. కెజియా ఏడవడం లేదు గానీ, కింది పెదవి పళ్ల మధ్య పెట్టుకుని కారు వంకే చూస్తోంది. సలోమి ధైర్యమంతా అక్కడితో దిగిపోయింది.

"నీకు చెబితే వద్దంటావని చెప్పలేదక్కా" అంది చిన్నగా.

సంజీవరావు అత్తగారి దగ్గరికి నడిచాడు. మగవాళ్లు ఆడవాళ్ల వైపు రావడం ఆ చర్చిలో ఆనవాయితీ కాదు. అయినా వెళ్లి నిలబడ్డాడు.

"మీకు తెలుసా అత్తమ్మా?"

"నిన్న పొద్దున్నే చెప్పింది. నా బుట్టలోనే తెచ్చాను" అంది ఎలీసమ్మ.

"మరి నిన్న నేనన్నేసి మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నారు?"

"ఎవరికీ చెప్పొద్దని పిల్ల మాట తీసుకుంది. నీ కోపానికి భయపడి దాని మాట తప్పమంటావా?"

నోట్లో నువ్వుగింజ నానని ఏడేళ్ల పిల్ల రహస్యం దాచింది. ఊరందరి తగవులూ తీర్చే ముసలావిడ అల్లుడి చేత దొంగ అనిపించుకుని కూడా ఆ రహస్యం కాపాడింది. పెద్ద పెద్ద సూత్రాలు బోర్డు మీద రాసే తను మాత్రం చూడకుండా తీర్పు చెప్పేశాడు. సంజీవరావుకి తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ అన్న మాట కాదు గానీ, అందరి ముందే క్షమాపణ అడిగాడు. ఎలీసమ్మ చేయెత్తి ఆయన చొక్కా గుండీలు సరిగ్గా పెట్టింది. పాటల బృందంలోంచి జయకుమారి అది చూసి, శనివారం తరవాత మొదటిసారి నవ్వింది.

ఇంతటితో కథ సుఖాంతం అయ్యేదే, జక్రయ్య లేకపోతే. ఆయన గొంతు సవరించుకుని, పిల్ల మనసు గొప్పదేననీ, అయినా పెట్టింది పెట్టిందేననీ, కారు మధ్యాహ్నం పాటకి పోవలసిందేననీ చెప్పాడు. పాటకి పొగాకు వ్యాపారులు కూడా వస్తారు. అలాంటి వస్తువు చూస్తే ఎంత దాకా పాడతారో మాస్టారికి తెలియనిది కాదు. గురువారం గుంటూరు బస్సు కళ్ల ముందే వెళ్లిపోతున్నట్టనిపించింది. సొంత కోడికే మినహాయింపివ్వని మనిషిని తన కారు వదలమని ఏ ముఖంతో అడుగుతాడు?

అప్పుడు లేచింది ఎలీసమ్మ. ఆమె లేచిందంటే జక్రయ్య కూడా ఒక మెట్టు దిగి నిలబడతాడు. ఆయనకి వాక్యం చదవడం నేర్పింది ఆమే మరి.

"కిందటేడు నీ కోడి విషయంలో నువ్వు తొందరపడ్డావు జక్రయ్యా. నన్నడిగితే చెప్పేదాన్ని, నువ్వడగలేదు. అర్పించినదాన్ని విడిపించుకునే దారి ధర్మశాస్త్రంలోనే ఉంది. దానికి దైవసేవకుడు వెల కట్టాలి. ఆ వెల మీద అయిదో వంతు కలిపి ఇస్తే సొంతదారుడు తీసుకుపోవచ్చు."

జక్రయ్య అయ్యగారి వంక చూశాడు. అయ్యగారు ఔనన్నట్టు తలూపారు. కొండమ్మ మాత్రం మొగుడి వంక చూసింది, పాటలో పోయిన డబ్బంతా ఆ చూపులో ఉంది.

వెల కట్టే భారం జయరావు అయ్యగారి మీద పడింది. ఆయన కారు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. చెప్పుల రబ్బరు చక్రాలు చూశారు, డాల్డా డబ్బా మీద చెరగని అక్షరాలు చూశారు. దీనికి రూపాయల్లో వెల కట్టడం తనకి చేతకాదన్నారు. ఎన్నాళ్లు పట్టిందని కెజియాని అడిగారు. పది నెలలంది.

"అయితే దీని వెల పది నెలలు. అయిదో వంతు రెండు నెలలు. కలిపి ఏడాది" అన్నారు అయ్యగారు. "ఏడాది పాటు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మాస్టారు, ఈ పిల్లలిద్దరూ చర్చి వరండాలో కూర్చుని సంఘం పిల్లలకి ఈ పని నేర్పాలి. పొలం లేనివాళ్లకి కూడా ఏదో ఒకటి పండాలి కదా."

సంజీవరావు మధ్యాహ్నం నిద్ర ఏడాది పాటు గాలికి పోయింది. పోతే పోయింది. ఒప్పుకుంటున్నానని చెప్పేలోపే కెజియా, సలోమి ఒకరి చేతులొకరు పట్టుకుని గెంతుతున్నారు. జక్రయ్య లెక్క సరిపోయిందో లేదో వేళ్ల మీద ఒకసారి వేసుకుని, సరిపోయిందని తేల్చుకున్నాక ముఖం విప్పాడు. మొదటి పేరు తన మనవరాలిది రాసుకోమన్నాడు. రెండో పేరు ఎవరిదన్న తగువు మాత్రం ఆవరణలోకి వచ్చాక కూడా తెగలేదు.

ఆవరణలోకి ఎందుకొచ్చారంటే, ఏడాది పాటు నేర్పేది ఏమిటో ముందు కళ్లారా చూడాలని అయ్యగారు ముచ్చటపడ్డారు. జనం గుండ్రంగా నిలబడి చోటిచ్చారు. సలోమి కారుని మధ్యలో పెట్టి, నెత్తిన ఉన్న పత్తి కాయ అలంకారానికి ఉండనిచ్చింది. కెజియా సంచీలోంచి రిమోట్ తీసి, యాంటెన్నా సాగదీసి, గుంటూరులో నిలబడ్డట్టే నిలబడింది. నొక్కింది.

కారు కదల్లేదు.

మళ్లీ నొక్కింది. కాస్త గట్టిగా నొక్కింది. జనం నవ్వడం మొదలుపెట్టేలోగా సంజీవరావు రిమోట్ అందుకున్నాడు. చేతికి మరీ తేలిగ్గా తగిలింది. వెనక మూత తీశాడు. లోపల సెల్స్ లేవు.

నిన్న మధ్యాహ్నం తనే తీశాడు. తీసి పిట్టగోడ మీద ఎండలో పెట్టాడు. కారు పోయిన గొడవలో మరిచేపోయాడు. ఇప్పుడు కూడా అవి అక్కడే, మిరపకాయల పక్కన ఎండుతూ ఉంటాయి.

ఆ మాట చెబితే అందరూ ఘొల్లున నవ్వారు. కెజియా నవ్వలేదు.

"మరి లోపల కారు నడిపిందెవరు నాన్నా? నిన్నటినుంచీ ఇందులో సెల్స్ లేవుగా."

సంజీవరావు నవ్వు సగంలో ఆగిపోయింది. రెండు చేతులూ పైకెత్తిన కెజియా గుర్తొచ్చింది. చేతులెత్తాక కూడా రెండు గజాలు నడిచిన కారు గుర్తొచ్చింది. రిమోట్ ఎవరి చేతిలో ఉన్నా వింటుందన్న అల్లాబక్షు మాట గుర్తొచ్చింది. ఈ రిమోట్ పలుకు నలభై గజాలు దాటి పోదు. అంటే జత క్రిస్టల్ ఉన్న రెండో రిమోట్ ఎవరిదో గానీ, చర్చి గోడకి కూతవేటు దూరంలో కూడా కాదు, గోడ పక్కనే ఉంది.

అల్లాబక్షుని అడగాలని ఆయన అనుకునేంతలో కారు గుర్రుమంది.

ఎవరూ దాని దగ్గర లేరు. అది కాస్త వెనక్కి జరిగింది, ఆగింది, ఒక్కసారిగా ముందుకు దూకింది. జక్రయ్య రెండు కాళ్ల మధ్య నుంచి దూరి, పాటకి పేర్చిన జొన్న కంకుల చుట్టూ తిరిగి, గేటు వైపు పోయింది. కెజియా నడిపితే గేటు దగ్గర రాయికి కొట్టుకోకుండా ఏనాడూ పోలేదు. ఇప్పుడు ఆ రాయిని ఒడుపుగా తప్పించుకుని, వేగం తగ్గకుండా ఎడమకి తిరిగి బజారు దారి పట్టింది.

కెజియా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"నాన్నా," అంది, కారు పోతోందన్న బాధ కూడా మరిచి, "ఎవరో గానీ నాకంటే బాగా తిప్పుతున్నారు."

జక్రయ్యకి ఏ నియమం చెప్పాలో తోచలేదు. అందరి కంటే ముందు కదిలింది ఎలీసమ్మ. తెల్లచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుంది, రెండో చేత్తో సలోమిని పట్టుకుంది. పది నెలలుగా చక్రం పేరెత్తితే చాలు కస్సుమనే ఆ అరవై రెండేళ్ల మనిషి, "ఆ కారు మాదర్రా, ఆపండి" అని కేకేసుకుంటూ గేటు దాటి దాని వెంట పరుగెత్తింది.